వెస్ట్ మారేడ్‌పల్లి పియానో లిజనింగ్ క్లాస్: పైన స వచ్చింది, కింద రాలేదు

సికింద్రాబాద్‌లో పియానో వాయించడం నేర్పించే చోట్లు చాలానే ఉన్నాయి కానీ వినడం నేర్పించే చోటు నాకు తెలిసి ఇదొక్కటే, అందుకే కాస్త పెద్ద రివ్యూనే రాస్తున్నా. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మేడమ్ వాళ్ళింట్లో ఆదివారం సాయంత్రాలు జరుగుతుంది, రెండు గంటలు, మనిషికి 600, ముందు రోజు ఫోన్‌పే చేసి పేరు చెప్తే చాలు. వాయించడం వచ్చి ఉండాల్సిన పనేం లేదు, నొటేషన్ చదవడం కూడా రానక్కర్లేదు. హాల్లో పాత అప్‌రైట్ పియానో ఒకటి, చుట్టూ కుర్చీలు, పదిహేను మందికి మించి పట్టరు. ఇక్కడ వినిపించేవి సొనాటాలు, అంటే కొన్ని భాగాలుగా ఉండే పియానో రచనలు, వాటిలో మాటలు ఉండవు కదా, మరి కథ ఎక్కడుంది అంటే, కలిసి మోగే స్వరాల గుంపులైన కార్డ్‌ల మధ్య టెన్షన్‌లో ఉంది, దాన్ని చెవితో పట్టుకోవడం ఎలాగో చెప్తారు.

నేను విన్నవాటిలో ది బెస్ట్ సెషన్ బీథోవెన్ ఓపస్ 81ఎ సొనాటా మీద జరిగింది, లెజాద్యూ అంటారే అది. వెనక కథ చిన్నదే. 1809 మేలో నెపోలియన్ సైన్యం వియన్నా మీదకి వస్తుంటే రాజకుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది, వాళ్ళలో బీథోవెన్ దగ్గర సంగీతం నేర్చుకుంటూ ఆయన్ని పోషించిన ఆర్చ్‌డ్యూక్ రుడాల్ఫ్ ఉన్నాడు, మళ్ళీ తిరిగొచ్చింది 1810 జనవరిలో. సొనాటాలో మూడు భాగాలూ అవే: వీడ్కోలు, ఎడబాటు, మళ్ళీ కలుసుకోవడం. మేడమ్ ఇదంతా ఐదు నిమిషాల్లో చెప్పేసి పియానో ముందు కూర్చున్నారు, అదే నాకు బాగా నచ్చింది, ఎందుకంటే హిస్టరీ మనం ఎక్కడైనా చదువుకోవచ్చు, వినిపించేవాళ్ళు కావాలి.

సొనాటా ఈ-ఫ్లాట్ మేజర్‌లో ఉంది, మన లెక్కలో రెండున్నర శ్రుతి, స్వరాలు శంకరాభరణానివే. మొదటి రెండు బార్లలో (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) పైన వినిపించేవి మూడే నోట్లు: గ, రి, స. వాటి మీద బీథోవెన్ లే-బె-వోల్ అని వీడ్కోలు మాట రాసిపెట్టాడు. మేడమ్ గ, రి వాయించి చెయ్యి ఎత్తేసి "తర్వాతది మీరు పాడండి" అన్నారు. అందరం స పాడేశాం, అసలు ఆలోచించే పనే లేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడైతే "కింద కూడా పంచమం నుంచి షడ్జానికి వచ్చేస్తుందమ్మా" అని చెప్పేశారు, ఆవిడకి కర్ణాటక సంగీతం బాగా వచ్చని అప్పుడే అర్థమైంది. అప్పుడు మేడమ్ మూడో కార్డ్ వాయించారు. పైన మనం పాడిన స అలాగే ఉంది, కానీ ఎడమచేతి కింద స లేదు, ద ఉంది. ద, స, గ కలిసి సి మైనర్ కార్డ్, కాస్త దిగులుగా వినిపిస్తుంది. హాలంతా ఒక్కసారి సైలెంట్. పెద్దావిడ "ఇంకోసారి వాయించమ్మా" అన్నారు. మేడమ్ ముందు మనం అనుకున్నట్టు కింద స పెట్టి వాయించారు, తర్వాత ఆయన రాసినట్టు ద పెట్టి వాయించారు, అలా మార్చి మార్చి వినిపిస్తూనే ఉన్నారు. మొదటిదాంట్లో మాట పూర్తయిపోతుంది, వెళ్ళేవాడు వెళ్ళిపోతాడు. రెండోదాంట్లో నోటితో వీడ్కోలు చెప్తున్నాడు కానీ మనసు ఒప్పుకోవట్లేదు, ఒక్క బేస్ నోట్ మార్చి ఇంత చెప్పొచ్చని నాకు అంతకుముందు తెలీదు.

ఇంకొన్ని బార్ల తర్వాత అదే గ రి స మళ్ళీ వస్తుంది. ఈసారన్నా కింద స మీదకి దిగుతాడేమో అనుకుంటామా, కింద ఈసారి ఇంకో అరమెట్టు దిగి శుద్ధ ధైవతం, ఇంకా దూరం. ఈ మెల్లటి మొదలు తర్వాత వచ్చే, స్పీడుగా నడిచే అల్లెగ్రో కూడా స కార్డ్ మీద మొదలవ్వదు, మ మీద మొదలై అక్కణ్ణుంచి జారుతూ వస్తుంది. ఆ భాగం చివర్లో ఆ గ రి స పిలుపు ఒకటి అయిపోకముందే ఇంకో పిలుపు దాని మీద పడి, స కార్డూ ప కార్డూ ఒకేసారి మోగుతాయి, సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదిలాక కూడా కిటికీ పట్టుకుని నడుస్తూ మాట్లాడేవాళ్ళు ఉంటారే అచ్చం అలా.

ఇక మేడమ్ చూపించకపోతే నాకు ఎప్పటికీ తట్టేది కాదు అనిపించింది ఏంటంటే, రెండో భాగం, ఆ ఎడబాటు, సి మైనర్‌లో ఉంది. అంటే రెండో బార్‌లో స కింద పెట్టిన ఆ ద ఇప్పుడు ఏకంగా ఆధార షడ్జం అయి కూర్చుంది. ఒకబ్బాయి "ఇది గ్రహభేదం లాంటిదేనా మేడమ్" అని అడిగాడు, శంకరాభరణంలో ద స్వరాన్నే స అనుకుని పాడితే నఠభైరవి రాగం వస్తుంది కదా, ఆ దారేనని ఆవిడ పాడి మరీ చూపించారు. కాకపోతే మన కచేరీలో వెనక తంబురా ఆధార షడ్జాన్ని వదలదు, ఎంత దూరం వెళ్ళినా ఇల్లు వినపడుతూనే ఉంటుంది, ఇక్కడ తంబురా లేదు కాబట్టి కంపోజర్ ఆ షడ్జాన్ని మన దగ్గర్నించి దాచెయ్యగలడు. దాచిన దాన్ని తిరిగి ఇవ్వడమే మూడో భాగం. రెండోది చాలా మెల్లగా ప, ని, రి, మ కలిసిన కార్డ్ మీద ఆగుతుంది, ని పైకి స వైపు లాగుతుంటుంది, మ కిందకి గ వైపు లాగుతుంటుంది, గ్యాప్ లేకుండా అదే కార్డ్ గట్టిగా మోగి మూడో భాగం మొదలవుతుంది, పది బార్ల పాటు అదే కార్డ్ చుట్టూ పరుగు, ఆ తర్వాత గానీ అసలు ట్యూన్ రాదు. ఆ ట్యూన్ చివరికి వచ్చినప్పుడు నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మోజార్ట్ కె 545 సొనాటా సెషన్ మాత్రం హడావిడిగా అయిపోయింది. మొదటి ట్యూన్ తిరిగొచ్చేటప్పుడు మొదలైన శ్రుతి సి లో రావాల్సింది ఎఫ్ లో వస్తుంది, అంత అందమైన విషయాన్ని ఒక్కసారి వాయించి దాటేశారు. పియానో పై వరుసలో రెండు కీలు శ్రుతి తప్పి ఉన్నాయి, చెవికి సంబంధించిన క్లాస్ కాబట్టి ట్యూనింగ్ తప్పకుండా చేయించాలి. మొదలవడం కూడా ఇరవై నిమిషాలు లేటవుతుంది. మెల్లగా వాయించే చోట ఫ్యాన్లు ఆపేస్తారు, ఎండాకాలం వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకోండి.

కారు పెట్టుకోవడానికి అసలు చోటు లేదు, పరేడ్ గ్రౌండ్ మెట్రో దగ్గర దిగి ఆటో ఎక్కితే హాయి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే తీసుకెళ్ళండి, కర్ణాటకమైనా పర్లేదు, స ఎక్కడుందో తెలిసిన పిల్లలకి ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. వచ్చే బ్యాచ్‌లో వాల్డ్‌స్టైన్ సొనాటా అన్నారు, సి మేజర్‌లో మొదలై రెండో ట్యూన్ మామూలుగా వెళ్ళే జి కి కాకుండా ఈ మేజర్‌కి వెళ్తుంది, దానికి రెండు ఆదివారాలు కేటాయించమని మేమందరం అడిగాం, మేడమ్ ఒప్పుకున్నారు.