గుంటూరు నుంచి తాంబరం దాకా: మా అమ్మాయికి కాలేజీ వెతుకుతూ ఎనిమిది రోజులు

ఇంటర్ పరీక్షలు అయిపోయిన మూడో రోజే ముగ్గురం బయల్దేరాం. మార్చి నెలాఖరు. "రిజల్ట్సే రాలేదు, ఇప్పుడే ఎందుకురా తిరగడం" అని మా అన్నయ్య అన్నాడు గానీ, మే నెలలో వెళ్తే కాలేజీల్లో వాచ్‌మన్ తప్ప మనిషి కనపడడు. క్లాసులు జరుగుతుండగా చూడాలి, హాస్టల్లో పిల్లలు ఉండగా చూడాలి అని నేను పట్టుబట్టాను. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాం. మిగతావాటిలో చేసిన తప్పులు కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మాది లూథరన్ (ప్రొటెస్టెంట్) కుటుంబం, నేను గుంటూరు ఏసీ కాలేజీలో, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చదివాను. మా ఆవిడది ఫిరంగిపురం, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, తెనాలి జేఎంజే కాలేజీలో సిస్టర్ల చేతికింద చదువుకుంది. అమ్మాయి బైపీసీ. రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి వచ్చి, నీట్ లాంగ్ టర్మ్ అనే మాట ఎత్తగానే ఏడ్చి, బీఏ ఇంగ్లీషు చదువుతానంది. "బైపీసీ చేసి బీఏ ఏంటండీ" అని అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, ఇక్కడ మళ్ళీ చెప్పను.

క్రిస్టియన్ కాలేజీ అయితే చాలు అన్న దగ్గర ముగ్గురికీ గొడవ లేదు. తీరా రైలెక్కాక తెలిసింది, ఆ మాటకి ముగ్గురం మూడు అర్థాలు పెట్టుకున్నామని. నా లెక్కలో అది ఫీజు తక్కువగా ఉండే, పేరున్న పాత మిషన్ కాలేజీ. మా ఆవిడ లెక్కలో సిస్టర్లు, ఆరింటికల్లా మూతపడే గేటు. అమ్మాయి లెక్కలో పెద్ద లైబ్రరీ, నడవడానికి చెట్ల దారి, స్టడీ అవర్ అంటూ నెత్తిమీద నిలబడే మనిషి లేకపోవడం.

మొదట మా ఊళ్ళోదే చూపించాను. ఏసీ కాలేజీ 1885 నాటిది, ఎన్టీ రామారావు గారు చదివిన కాలేజీ, ఆ పాత భవనం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మా అమ్మాయికి ఏమీ పులకరించలేదు. "బాగుంది నాన్నా, కానీ ఇంటికి రెండు కిలోమీటర్లు" అంది. ఆ రెండు కిలోమీటర్లే అసలు అభ్యంతరమని నాకు అర్థం కావడానికి రెండ్రోజులు పట్టింది.

విజయవాడలో ఒక పూట. ఆంధ్ర లొయోలా బయట నుంచే చూశాం, 1953లో జెస్యూట్ ఫాదర్లు పెట్టింది, పక్కనే గుణదల కొండ. మా ఆవిడ ఆ వంకన కొండ దగ్గర ఆగి మరియమాతకి కొవ్వొత్తి వెలిగించి, "మంచి కాలేజీ చూపించమ్మా" అని పైకే అడిగింది. తర్వాత బెంజి సర్కిల్ దగ్గర మేరీస్ స్టెల్లా. 1962 నుంచి ఉన్న ఆడపిల్లల కాలేజీ. మా ఆవిడకి కళ్ళు మెరిశాయి, ఇదే చాలు ఇక తిరగడం ఎందుకు అంది. నాక్కూడా నచ్చింది, గంటలో గుంటూరు చేరచ్చు. అమ్మాయి మాత్రం ఫోన్లో చెన్నై వెళ్ళే పినాకిని రైలు టికెట్లు చూసుకుంటూ కూర్చుంది.

చెన్నైలో ఎక్కడ దిగాలన్నది నేను చేసిన మొదటి తప్పు. ఎవరో చెప్పారని గ్రీమ్స్ రోడ్డు దగ్గర లాడ్జి తీసుకున్నాను. అపోలో ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కలంతా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మనుషులే, తెలుగు బోర్డులు, తెలుగు భోజనం, భాషకి ఇబ్బంది లేదు. కానీ అవి రోగుల తాలూకు మనుషుల కోసం ఉన్న గదులు. రాత్రంతా నడవాలో ఎవరో ఫోన్లో రిపోర్టులు చదువుతున్నారు, గదిలో ఫినాయిల్ వాసన, చెప్పిన రేటు ఒకటి, తెల్లారి బిల్లు ఇంకొకటి. పైగా రిసెప్షన్ దగ్గర ఒకాయన మా చేతిలో ప్రాస్పెక్టస్ చూసి, ఏ కాలేజీ కావాలన్నా మేనేజ్‌మెంట్ సీటు తెప్పిస్తాను, సగం ఇప్పుడు, సగం తర్వాత అన్నాడు. వందనాలు కూడా చెప్పాడు, చేతిలో బైబిలు ఒక్కటే తక్కువ. మర్నాడు పూనమల్లి హైరోడ్డులో ఉన్న వైడబ్ల్యూసీఏ గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. ఎగ్మోరు దగ్గర్లోనే, ఆవరణలో చెట్లున్నాయి, కుటుంబంతో దిగడానికి నిశ్చింతగా ఉంది. మొదటి రోజే అక్కడికి పోవాల్సింది.

నుంగంబాక్కంలో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ. శంకర నేత్రాలయ ఉన్న కాలేజీ రోడ్డులోనే, మా నాన్న కంటి ఆపరేషన్‌కి వారం రోజులు ఆ రోడ్డు మీదే తిరిగాను గానీ గోడ అవతల ఇంత చోటుందని అప్పుడు తెలియలేదు. 1915లో 41 మంది ఆడపిల్లలతో మొదలైంది, అమెరికా, బ్రిటన్, కెనడాల మిషన్ సంఘాలన్నీ కలిసి పెట్టాయి. అంటే ఏ ఒక్క చర్చి సొత్తూ కాదు. నాకు అది నచ్చింది, మా ఇంట్లోనే రెండు సంఘాలు కదా. డవ్‌టన్ హౌస్ అనే పాత బంగళా తెల్లటి స్తంభాలతో ఇప్పటికీ ఉంది. అమ్మాయి ఆ స్తంభాల దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది.

అక్కణ్ణుంచి కేథడ్రల్ రోడ్డులో స్టెల్లా మేరీస్, 1947లో మొదలైనది. విజయవాడ మేరీస్ స్టెల్లాని నడిపే ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లదే ఇదీ. పేరు తిరగేసి పెట్టారు గానీ రెండిటికీ అర్థం ఒకటే, సముద్రపు నక్షత్రం, మరియమాత బిరుదు. ఇది మా ఆవిడ చెప్పింది, గొప్పగా. "అయితే విజయవాడ కొమ్మలో వద్దన్నదాన్ని చెన్నై కొమ్మలో ఒప్పుకుంటావేంటే" అని నేను అమ్మాయిని అడిగితే నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటని అనుకోకండి, ఈ ప్రయాణంలో మొత్తం ఆరేడు హాస్టళ్ళ గేట్ల దగ్గర కూర్చున్నాం, వాటిలో ఒకచోట జరిగింది, పేరు రాయను. వార్డెన్ గారు భోజనానికి వెళ్ళారు, అరగంట ఆగమన్నారు. సందర్శకుల గదిలో చెక్క బెంచీ, గోడకి యేసు పటం, బల్ల మీద దారంతో కట్టిన పెన్ను, ఒక లావుపాటి రిజిస్టరు. పేరు, గది నెంబరు, ఎక్కడికి, వెళ్ళిన టైము, వచ్చిన టైము, సంతకం. మా అమ్మాయి దాన్ని తిరగేస్తూ కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచి వేలు పెట్టి చూపించింది. వచ్చిన టైము గడిలో పై నుంచి కింద దాకా 5:55, 5:55, 5:50, 5:55. పేజీ తిప్పితే అదే. గేటు ఆరింటికి మూస్తారట. "ఎక్కడికి" గడిలో ముప్పై మందీ రాసింది ఒకటే, స్టేషనరీ షాపు.

"వీళ్ళందరికీ రోజూ పెన్నులు అయిపోతాయా నాన్నా" అంది.

మా ఆవిడ ఆ పేజీ చూసి సంతోషపడింది. అందరూ టైముకే వస్తున్నారు చూడండి, ఎంత క్రమశిక్షణో అని. ఒకే పేజీలో తల్లికి భద్రత కనపడింది, కూతురికి అబద్ధం కనపడింది. నేను మధ్యలో కూర్చుని వాచీ చూసుకున్నాను. ఆ తర్వాత వెళ్ళిన ప్రతి హాస్టల్లోనూ ఫీజు కంటే ముందు ఈ రిజిస్టరే చూశాం. ఇంకోచోట (దాని పేరూ రాయను) ఆ గడిలో రకరకాలు ఉన్నాయి, లైబ్రరీ, దంతవైద్యుడు, కజిన్ పెళ్ళి, బీచ్. బీచ్ అని ధైర్యంగా రాసిన పిల్లని మనసులో మెచ్చుకున్నాను. మా ఆవిడ మెచ్చుకోలేదు.

మూడో రోజు సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కి తాంబరం. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ స్టేషన్‌కి తూర్పు వైపున ఉంటుంది. ఇది కాలేజీ అనడం కంటే అడవిలో కాలేజీ అంటే సరిపోతుంది. 365 ఎకరాలు. 1837లో స్కాట్లండ్ మిషనరీ జాన్ ఆండర్సన్ మద్రాసు జార్జ్‌టౌన్‌లో పెట్టిన బడి పెరిగి పెరిగి, ఊళ్ళో చోటు చాలక 1937లో ఇక్కడికి వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చదివింది అంతకు ముందు, జార్జ్‌టౌన్‌లో ఉన్నప్పుడు. హాస్టల్ అనరు, హాల్ అంటారు. మగపిల్లలకి సేలయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్. ఆడపిల్లలకి మార్టిన్, మార్గరెట్, బార్న్స్. ఏ హాల్ వాళ్ళకి ఆ హాల్ అభిమానం, మన దగ్గర హీరోల అభిమాన సంఘాల్లాగా. దారిలో ఒక జింక మమ్మల్ని చూసి ఆగింది, ఆగి మళ్ళీ మేతలో పడింది. మా ఆవిడ "పాములు కూడా ఉంటాయేమో అడగండి" అంది. అడిగాను. ఉంటాయట.

క్యాంటీన్లో ఇద్దరు పిల్లలు కలిశారు, ఒకమ్మాయి నాగాలాండ్, ఒకమ్మాయి మన నెల్లూరు. నెల్లూరమ్మాయి క్రిస్టియన్ కాదు. చాపెల్‌కి వెళ్ళాలని బలవంతం ఉందా అని మా ఆవిడ అడిగితే, లేదాంటీ, పాటలు బాగుంటాయని నేనే వెళ్తుంటా అంది. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. బలవంతం ఉండాలని ఆమె కోరిక, మా ఇంట్లో పిల్లని ఆదివారం ఏడింటి పూజకి లేపడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. మధ్యాహ్నం అమ్మాయి చెట్ల కింద గట్టు మీద కూర్చుని, ఇక ఎక్కడికీ వద్దు, ఇక్కడే అంది. బెంగుళూరుకి టికెట్లు అప్పటికే తీసేశాను కాబట్టి వెళ్ళాం.

బెంగుళూరు రెండు రోజుల గురించి తక్కువే చెప్తాను. హోసూరు రోడ్డులో క్రైస్ట్, 1969లో సిఎంఐ అనే కాథలిక్ సంఘం ఫాదర్లు పెట్టింది, 2008 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ. అద్దంలా ఉంది, అటెండెన్స్ 85 శాతం ఉండాలి, మా ఆవిడకి ఆ అంకె వినగానే సగం నచ్చేసింది. నాకు ఫీజు చూడగానే మొత్తం పోయింది. సెయింట్ జోసెఫ్స్ లాంగ్‌ఫర్డ్ రోడ్డులో ఉంది, 1882 నాటిది, ఇప్పుడు యూనివర్సిటీ. ఇదీ బాగుంది, కానీ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చున్నాక బాగున్నవి కూడా బాగున్నట్టు అనిపించవు. అప్పటికే అమ్మాయి మనసు తాంబరంలో ఉండిపోయింది, ఏం చూపించినా "ఊఁ" అనేది.

కాగితాల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇవి ఎవరూ ముందు చెప్పరు. తమిళనాడు కాలేజీల్లో ఒకే కోర్సుకి రెండు రేట్లుంటాయి. ఎయిడెడ్ అంటే ప్రభుత్వం లెక్చరర్లకి జీతమిచ్చే సెక్షన్, ఫీజు తక్కువ, సీట్లకి పోటీ ఎక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్ అంటే అన్నీ మన జేబులోంచే, చాలాచోట్ల అది మధ్యాహ్నం షిఫ్టు. దరఖాస్తులో ఏది టిక్కు పెడుతున్నారో చూసుకోండి, ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా మాకు సెల్ఫ్ ఫైనాన్స్ ఫారం ఇచ్చి రెండూ ఒకటేనన్నాడు. ఒకటి కాదు.

మైనారిటీ సీట్లకి బాప్తిస్మ సర్టిఫికెట్టు, పాస్టర్ గారి ఉత్తరం అడుగుతారు. మాకు ఇక్కడ ఒక చిక్కు, అమ్మాయి బాప్తిస్మం మా లూథరన్ చర్చిలో, పెరిగింది వాళ్ళమ్మతో ఆర్‌సీఎం గుళ్ళో. ఎవరి ఉత్తరం తేవాలి? ఇద్దరివీ తెచ్చాను. ఫాదర్ గారు నవ్వి సంతకం పెట్టారు. మా పాస్టర్ గారు సంతకం పెట్టి, ఆదివారం మీరు కనపడటం లేదని నాకు పావుగంట చెప్పారు. మన బీసీ-సి సర్టిఫికెట్టు పక్క రాష్ట్రం రిజర్వేషన్‌లో చెల్లదు, ఓపెన్‌లో చూస్తారు. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కూడా ఆశ పెట్టుకోకుండానే లెక్క వేసుకున్నాం. వేరే బోర్డు పిల్లలకి మద్రాసు యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్టు కావాలి, ఇంటర్ బోర్డు మైగ్రేషన్ కావాలి. స్కూల్లో తమిళం చదవనివాళ్ళకి బేసిక్ తమిళం పేపరు ఉంటుంది. మార్కుల కోసం ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళు సెకండ్ లాంగ్వేజీ ఏమేం ఉన్నాయో ముందే అడగండి. అన్నిటికంటే ముందు ఇంటర్ కాలేజీ నుంచి టీసీ తెచ్చుకోండి. మా అమ్మాయి చదివిన చోట, ఎప్పుడో విరిగిన ల్యాబ్ బీకరు బాకీ అని వారం తిప్పారు.

తిరుగు ప్రయాణంలో రైల్లో గొడవ మళ్ళీ మొదలైంది. మా ఆవిడ నుంగంబాక్కం, అమ్మాయి తాంబరం. నేను లెక్కల పుస్తకం తీశాను, నుంగంబాక్కంలో ఎయిడెడ్ వస్తే అది, తాంబరంలో ఎయిడెడ్ వస్తే ఇది, రెండూ వస్తే చూద్దాం అని. అదేం మాట, ఏమండీ, మీకు ఎప్పుడూ రేటే కదా అంది ఆవిడ. నిజమే. రేటు పక్కనపెట్టి ఆలోచించే జీతం నాది కాదు.

మే నెలలో తాంబరంలో ఎయిడెడ్ సీటు వచ్చింది. జూన్‌లో దింపడానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ హాల్ గేటు దగ్గర రిజిస్టరు చూపించమంది, రెండు పేజీలు తిప్పింది, ఏమీ అనకుండా మూసేసింది. సామాన్లలో రెండు ఆవకాయ సీసాలు, ఒక జపమాల, టార్చిలైటు. టార్చి పాముల కోసం.

హైదరాబాదు వెళ్ళే చార్మినార్ తాంబరంలోనే బయల్దేరుతుందని తెలిసి అమ్మాయి చాలా సంతోషపడింది, సెంట్రల్ దాకా వెళ్ళే పని లేదని. విజయవాడ వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. దసరా సెలవలకి వస్తోంది, ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సింది నేను.