రజాకార్ల తూటానా కాదా: ప్లాస్టిక్ వెర్నియర్, జేబు కాటా రివ్యూ

మా దేవరకొండ దిక్కు ఏ చెలకలో నాగలికి తూటా తగిలినా దానికి ఒకటే పేరు, రజాకార్ల తూటా. పెద్దమనుషులు చేతిలోకి తీసుకుని సాయుధ పోరాటం ముచ్చట మొదలుపెడతారు, పిల్లలు ఫోన్‌లో ఫొటో తీసి ఏదో యాప్‌లో పెడతారు, ఆ యాప్ దాన్ని పాత బోల్టు అంటుంది. ఫొటోతో అయ్యే పని కాదిది. వెడల్పు, బరువు తెలియాలి. అందుకే ఆన్‌లైన్‌లో 150 మి.మీ. ప్లాస్టిక్ డిజిటల్ వెర్నియర్ (దవడల మధ్య పెట్టి వెడల్పు కొలిచే పరికరం) ఒకటి, 0.01 గ్రాము దాకా చూపించే జేబు కాటా ఒకటి తెప్పించాను. రెండూ కలిపి ఏడొందల లోపే. వాటి మీద కంపెనీ పేరంటూ ఏమీ లేదు, ఫొటో చూసి కొనుక్కోవడమే.

ముందు కాటా గురించి చెప్తాను, అసలు తీర్పు చెప్పేది అదే కాబట్టి. రాగి రంగు తొడుగున్న తూటాల్లో మన దగ్గర మూడింటితో తికమక వస్తుంది: పాత త్రీ నాట్ త్రీ (.303 రైఫిల్), ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), ఏకే 47. త్రీ నాట్ త్రీ తూటా వెడల్పు 7.92 మి.మీ., ఎస్సెల్లార్‌ది 7.82, ఏకేది మళ్ళీ 7.9 చిల్లర. ఈ ప్లాస్టిక్ వెర్నియర్‌ని కాస్త గట్టిగా నొక్కితే చాలు 0.1 మి.మీ. అటూఇటూ అయిపోతుంది, అంటే ఆ తేడా మొత్తం దాని పొట్టలోకే పోతుంది. బరువు దగ్గరికొస్తే మాత్రం దాపరికం లేదు. మార్క్ 7 రకం త్రీ నాట్ త్రీ తూటా 11.3 గ్రాములు, ఎస్సెల్లార్‌ది 9.5, ఏకేది 8కి అటూఇటూ. మన సైన్యానికి ఎస్సెల్లార్ వచ్చిందే 1960లలో, ఏకేని సోవియట్ సైన్యమే 1949లో తీసుకుంది, రజాకార్లను అణిచిన పోలీస్ యాక్షనేమో 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా. ఇక లెక్క మీరే వేసుకోండి.

మా కాక చందంపేట దిక్కు నుంచి ఒకటి పట్టుకొచ్చి, ఇది రజాకార్లదే బిడ్డా, రాసిపెట్టుకో అన్నాడు. వెర్నియర్ 7.94 చూపించింది, కాక మొహం వెలిగింది. కాటా మీద పెడితే 7.86 గ్రాములు. అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది, ఎందుకంటే ఏకే తూటా లోపల మామూలుగా ఉక్కు ఉంటుంది, పాత త్రీ నాట్ త్రీకి ఉండేది సీసం. అయితే నక్సల్ అన్నలదా, పోలీసులదా అని అడిగాడు. అది కాటా చెప్పదు కాకా అన్నాను.

త్రీ నాట్ త్రీ అని తేలినంత మాత్రాన 1948ది అనీ అనుకోవద్దు, పోలీసులు ఆ రైఫిళ్ళను ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు మోశారు. ఏ ఏడుదో తెలియాలంటే ఖాళీ తొట్టె, అంటే తూటా వెనక మందు ఉండే గుల్ల, దొరకాలి. దాని అడుగున కె, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలుంటే పుణె పక్కన కిర్కీ ఫ్యాక్టరీది, పక్కన ఏడాది అంకెలు కూడా కొట్టి ఉంటాయి. తూటాయే ఉంటే ముక్కు పైకి పెట్టి భూతద్దంలో చూడండి, త్రీ నాట్ త్రీకి తుపాకీ గొట్టం లోపల పడిన గీతలు ఎడమకి ఒరుగుతాయి, మిగతా రెండింటికీ కుడికి.

వెర్నియర్ వేస్టు అనుకోకండి. సీసం తూటాల దగ్గర కాటాయే చేతులెత్తేస్తుంది. స్నైడర్ తూటా, మార్టినీ హెన్రీ తూటా రెండూ 31 గ్రాములే, కానీ మొదటిది 14 మి.మీ. దాటి లావుగా, అడుగున గుంటతో ఉంటుంది, రెండోది 11.4 మి.మీ. వెడల్పుతో సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఈ రెండూ 1860లు, 70ల నాటి తుపాకులవి, దొరికితే నిజంగా అరుదే. గుండ్రటి సీసం గుండ్లయితే ఎక్కువగా భర్మార్లవి (మూతి నుంచి మందు, గుండు కూరే నాటు తుపాకులు), ఊళ్ళలో పోతపోసుకున్నవి, రెండు గుండ్లు ఒక్క సైజులో ఉండవు, వాటికి పేరు వెతకడం దండగ. ఇంకో సంగతి, స్టీలు వెర్నియర్ దవడలు సీసాన్ని గీరేస్తాయి, ప్లాస్టిక్‌వి గీరవు. సీసం మీద తెల్లగా పట్టిన పొడిని బ్రష్‌తో రుద్దొద్దు, చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోండి, అది విషం.

రెండింటినీ సరి చూసుకోవడానికి 2011 డిజైన్ రూపాయి బిళ్ళ చాలు, 3.79 గ్రాములు, 22 మి.మీ. నా కాటా 3.79 అనే చూపించింది, వెర్నియర్ 22.1. ఫ్యాన్ కింద మాత్రం కాటా అంకెలు ఎగురుతూనే ఉంటాయి, బంద్ చేసి తూచాలి. తూటా దొర్లిపోతుంది కాబట్టి సీసా మూత పెట్టి టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కి అందులో వేయండి. వెర్నియర్ ఆఫ్ చేసినా లోపల బటన్ సెల్ తాగుతూనే ఉంటుంది, వాడనప్పుడు తీసి పెట్టకపోతే అవసరానికి స్క్రీన్ ఖాళీ.

ఇదంతా పేలిపోయిన వాటికే. తొట్టెతో సహా నిండుగా దొరికితే కాటా దాకా తేవద్దు, ముట్టుకోకుండా 100కి ఫోన్ చేయండి, లైసెన్సు లేకుండా అది దగ్గరుంటే ఆయుధాల చట్టం కేసు. కోటల దగ్గర, రక్షిత కట్టడాల దగ్గర తవ్వే ఆలోచన అసలే వద్దు.

కాటాకు అయిదు స్టార్లు. వెర్నియర్‌కు మూడు, సీసం తూటాలు కొలిచేవాళ్ళయితే నాలుగు.