దోమల మెష్: వెల్‌క్రో వద్దు, ఫ్రేముదే తీసుకోండి

2024లో పుణెలో గర్భిణులకు జికా వైరస్ సోకుతోందని వార్తలొచ్చినప్పుడు మా చెల్లి అక్కడే ఉంది, నాలుగో నెల. టెన్షన్‌తో వెంటనే కిటికీలన్నిటికీ మెష్ వేయించాం. డెంగ్యూని మోసే ఈడిస్ దోమే జికానీ మోస్తుంది, అది కుట్టేది ఎక్కువగా పగలు, కాబట్టి రాత్రి మంచానికి దోమతెర కట్టుకుంటే చాలనుకోవద్దు. చాలామందికి ఏ లక్షణాలూ ఉండవు, ఉన్నా కాస్త జ్వరం, దద్దుర్లు, కళ్ళ ఎరుపు, అంతే. కానీ వైరస్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డ మెదడును దెబ్బతీయగలదు. 2015లో బ్రెజిల్‌లో అంతమంది పిల్లలు చిన్న తలతో పుట్టడానికి కారణం ఇదే. టీకా లేదు, మందు లేదు.

ఇక మెష్ సంగతి. వెల్‌క్రోది చవకే కానీ వంటింటి కిటికీ దగ్గర ఆవిరికి జిగురు ఊడి మూల వేలాడింది, ఆ సందు చాలు దోమకి. అల్యూమినియం ఫ్రేముది మాత్రం గట్టిగా ఉంది, తీసి కడుక్కోవచ్చు. మెష్ బిగించినవాళ్ళు ఏసీ పైపు పక్కన వేలు పట్టేంత ఖాళీ వదిలేశారు, ఫోన్ చేస్తే వచ్చి సిలికాన్‌తో మూసి వెళ్ళారు, మర్యాదగానే మాట్లాడారు. అయస్కాంతంతో మూసుకునే మెష్ తలుపు గాలికి కింద తెరుచుకుంటోంది, దానికి డబ్బులు దండగ.

మెష్ వేశాం కదా అని కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు వదిలేయకండి. బయటికెళ్తే దోమల్ని దగ్గరకు రానివ్వని డీట్ లేదా పికారిడిన్ ఉన్న లోషన్ రాసుకోండి, లేబుల్ మీద చెప్పినట్టు వాడితే గర్భిణులకూ ఫర్వాలేదు. జికా శృంగారం ద్వారా కూడా సోకుతుంది, భర్త జికా కేసులున్న ఊరికి వెళ్ళొస్తే కాన్పు అయ్యేదాకా కండోమ్ తప్పనిసరి. ఫ్రేము మెష్‌కి 5కి 4 ఇస్తాను.