వేలాడే బుట్టల్లో స్ట్రాబెర్రీ, మూడు శీతాకాలాల తర్వాత

కొబ్బరి పొట్టు కడక్కుండా బుట్టలో వెయ్యకండి. మిగతాది చదవకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

మాది అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. స్ట్రాబెర్రీకి ముందు బంతి, గులాబీ తప్ప ఏం పెంచి ఎరగను. మొదటేడు అక్టోబర్లో కడియం నర్సరీలకి వెళ్ళి వింటర్ డాన్ అనే రకం స్ట్రాబెర్రీ మొక్కలు పాతిక తెచ్చాను. చుట్టూ కొబ్బరే కదా, కోకోపీట్ అని షాపుల్లో అమ్మే కొబ్బరి పొట్టు కొనడం ఎందుకని పీచు ఆడించే మిల్లు దగ్గర కుప్పపోసిన పొట్టు రెండు బస్తాలు తెచ్చి, పశువుల ఎరువు కలిపి ఎనిమిది పీచు బుట్టలు నింపేసి వరండాలో వేలాడదీశాను. పది రోజులు బ్రహ్మాండంగా ఉన్నాయి. తర్వాత ఆకుల అంచులు మాడటం మొదలైంది, లోపల పచ్చగానే ఉంది, అంచు చుట్టూ మాత్రం మంటకి చూపించినట్టు గోధుమరంగు గీత. నీళ్ళు చాలట్లేదేమో అనుకుని బోరు నీళ్ళు రెండుపూటలా పోశాను, పోసినకొద్దీ ఇంకా మాడాయి. ఓ రోజు మా మావగారు బుట్ట పీచు మీద తెల్లగా పూసినదాన్ని గోటితో గీకి నాలిక మీద పెట్టుకుని "చౌడు పట్టిందే అమ్మాయ్, ఉప్పుకషాయం" అన్నారు. పొట్టులోనూ ఉప్పే, మా బోరులోనూ ఉప్పే, స్ట్రాబెర్రీ ఏమో ఉప్పుని అస్సలు తట్టుకోలేదు. పాతికలో పద్దెనిమిది పోయాయి. చాలా ఏడుపొచ్చింది.

రెండో ఏడు నుంచి పొట్టుని తొట్టిలో నానబెట్టి ఆ నీళ్ళు వంచేస్తున్నాను. మొదటి నీళ్ళు కాఫీ డికాషన్‌లా దిగుతాయి, లేత టీ రంగుకొచ్చేదాకా నాలుగైదు సార్లు చెయ్యాలి. మొక్కకి కాలవ నీళ్ళే, బోరు బంద్. వేసవిలో కాలవ కట్టేసే వేళకి మన పంట ఎలాగూ అయిపోతుంది. నాటేటప్పుడు ఆకులు పుట్టే మొదలు మాత్రం పూడకూడదు, కుళ్ళిపోతుంది.

ఇంత కష్టపడ్డా బుట్టలు వదలకపోవడానికి కారణం ఉందండి. పండు అంచు మీంచి జారి గాల్లో వేలాడుతుంది, మట్టి అంటదు, నత్త ఎక్కదు. కింద కుండీల్లో పెట్టిన రెండు మొక్కల పళ్ళు నత్తలు సగం కొరికేసినవే దొరికాయి. బుట్టలోది తొడిమ దగ్గర కూడా తెల్లదనం పోయేదాకా ఆగి తెంపితే వరండా అంతా వాసనే, ఎంత తియ్యగా ఉంటుందో.

తియ్యగా అన్నది డిసెంబరు, జనవరి మాటలెండి. శివరాత్రి దాటాక గోళీకాయంత పళ్ళు, పులుపు. పీచు బుట్ట త్వరగా ఆరిపోతుంది కూడా, లోపల ఎరువు బస్తా ప్లాస్టిక్‌కి కన్నాలు పెట్టి పరిచాక కాస్త నయం. పిచ్చుకలు గూళ్ళకని పీచు పీక్కెళ్తున్నాయి, మొదట్లో ముచ్చటేసింది గానీ ఈ ఏడు రెండు బుట్టలకి కన్నాలు పడ్డాయి.

నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి రెండుపూటలా చూసుకోగలుగుతున్నా, ఉద్యోగాలకెళ్ళేవాళ్ళకి కుదురుతుందని చెప్పలేను. రాజమండ్రి వైపు నీళ్ళు బాగున్న ఊళ్ళవాళ్ళకి నా గొడవలో సగం ఉండకపోవచ్చు. వట్టి పళ్ళ కోసమే అయితే లంబసింగి పళ్ళు కొనుక్కోవడమే తేలిక. నేనైతే అక్టోబర్లో మళ్ళీ కడియం వెళ్తాను, ఈసారి పన్నెండు మొక్కలే. పొట్టు మాత్రం ఇప్పట్నించే పెరట్లో వానకి నానుతోంది.