అడవి పిచ్చుక కోసం పాకాల, తాడ్వాయి

ఇప్పపూలు రాలే మార్చి నెలాఖరులో వెళ్లాం. అడవి పిచ్చుకను చూడటానికి ఓరుగల్లు చుట్టుపక్కల అంతకన్నా మంచి కాలం లేదు. గింజలు తినే పిట్టే అయినా, ఇప్ప, మోదుగ పూస్తే మందలుగా వచ్చి తేనె కోసం వాలుతుంది.

ముందు లక్నవరం. వేలాడే వంతెన, బోట్లు, దీవిలో కాటేజీలు... పిల్లలకు పండగే. పిట్టల కోసమైతే ఆదివారం మాత్రం వద్దు. సౌండ్ బాక్సుల మోతలో కాకి కూడా వినబడదు.

పాకాల సంగతి వేరు. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి. తెల్లారగానే కట్ట మీదికి చేరితే, కాస్త దూరంలో ఇప్పచెట్టు నిండా కిచకిచలు. ఊరపిచ్చుక అరుపు కన్నా కాస్త తీయగా ఉంటుంది. చూపుకు ఊరపిచ్చుక ఆడదే అనిపిస్తుంది కానీ, వీపు చూడండి: దానికి చారలుంటాయి, దీనికి ఒక్కటీ ఉండదు, అంతా బూడిద గోధుమరంగే. ముక్కు సన్నం. రెక్క మీద రెండు తెల్ల గీతలు, మగదానికి భుజం దగ్గర ఇటుకరంగు మచ్చ. గొంతు మీది పసుపు తల ఎత్తితే గానీ కనబడదు, దానికోసం మెడ నొప్పి తెచ్చుకోవద్దు. ఆడదానిలో ఆ రంగులన్నీ వెలిసినట్టే. మేం చూసిన ఒక మగపిట్ట నుదురంతా పుప్పొడి, బొట్టు పెట్టుకున్నట్టు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిట్ట ఇదే. అదేమిటో తెలుసుకోబోయి ఆయన పక్షుల దారి పట్టాడు. 1931-32లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే.

బస నర్సంపేటలో ఒక లాడ్జి. గీజర్ ఉంది, నీళ్లే లేవు. అడిగితే "మోటర్ ఏసినం సార్, వస్తయ్" అన్నారు. మేం ఖాళీ చేసేదాకా రాలేదు. టిఫిన్లు మాత్రం బస్టాండు దగ్గర బాగున్నాయి.

తాడ్వాయిలో అడవి మధ్యనే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, ప్రశాంతం. మేడారం జాతర రోజుల్లో మాత్రం గది ఆశ వదులుకోవాలి. 2024 ఆగస్టు 31న గాలివానకు అక్కడ వేల చెట్లు కూలాయి. చెట్టు తొర్రల్లో గూడు పెట్టే పిట్టకు అది చిన్న దెబ్బ కాదు. ఏప్రిల్ వచ్చిందంటే గూళ్ల కాలం, తొర్రల దగ్గరికి పోవద్దు.

పాకాల, తాడ్వాయి రెండింట్లో ఒకటే వీలైతే పాకాలకే పోండి. వరంగల్ నుంచి నర్సంపేటకు బస్సు, అక్కడి నుంచి ఆటో. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి.