నాలుగు లక్షల కిలోమీటర్ల తరువాత: లారీ ఇంజనుకు బిగించిన బైపాస్ ఆయిల్ ఫిల్టర్ ఎలా పనిచేసింది?

2018 ఏప్రిల్‌లో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మా టాటా 2518 లారీకి బైపాస్ ఆయిల్ ఫిల్టర్ పెట్టించాను. అప్పటికే బండి 2 లక్షల 10 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ కమిన్స్ 6బీటీ, 5.9 లీటర్లది, ఆయిలు సుమారు 16 లీటర్లు పడుతుంది. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్, తిరుగు ప్రయాణంలో దొరికిన సరుకు, ఇదే దాని పని. ఆ తరువాతి ఆరున్నరేళ్లలో అది మరో నాలుగు లక్షల కిలోమీటర్లు నడిచింది. అదే ఏడాది కొన్న మా రెండో లారీకి ఈ ఫిల్టర్ పెట్టలేదు. అదీ ఇంచుమించు అవే దారుల్లో తిరిగింది కాబట్టి పోల్చి చూడడానికి కొంత వీలు కలిగింది.

బైపాస్ అనే మాట దగ్గరే మన మెకానిక్కులతో చిక్కు మొదలవుతుంది. మామూలు ఫిల్టర్ లోపలో, దాన్ని బిగించే చోటో ఒక వాల్వు ఉంటుంది. కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిలు చిక్కబడినా అది తెరుచుకొని, బేరింగులు ఎండిపోకుండా వడకట్టని ఆయిలునే ఇంజనులోకి పంపుతుంది. దాన్నీ బైపాస్ అనే అంటారు. నేను చెబుతున్నది వేరే వస్తువు. బండితో వచ్చే మామూలు ఫిల్టర్ గుండా పంపు తోసే ఆయిలంతా క్షణం ఆగకుండా పోవాలి కాబట్టి దాని రంధ్రాలను మరీ సన్నగా చేయడానికి వీల్లేదు. సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన రేణువులనే అది గట్టిగా పట్టుకోగలదు. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నిలిచే ఆయిలు పొర మందమేమో చాలా చోట్ల అంతకంటే తక్కువ. తల వెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, గీసే రేణువులు ఎంత సన్నవో ఊహించుకోవచ్చు. బైపాస్ ఫిల్టర్ మొత్తం ప్రవాహంలో 5 నుంచి 10 శాతాన్ని మాత్రమే, మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా ఉన్న రంధ్రం గుండా పక్కకు తీసుకొని, గట్టిగా చుట్టిన మందపాటి ఎలిమెంట్‌లో నిదానంగా వడకట్టి, తిన్నగా చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి, వదిలేస్తుంది. నిమిషానికి రెండు లీటర్లు వెళ్లినా లెక్కప్రకారం ఎనిమిది నిమిషాల్లో చాంబరంతా ఒకసారి తిరిగినట్టే. కానీ శుభ్రమైన ఆయిలు మళ్లీ మురికి ఆయిలులోనే కలుస్తుంది కాబట్టి అసలు ఫలితం గంటల మీద కనబడుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. పాత విల్లీస్ జీపుల్లో ఇంజను పక్కన సన్నని రెండు పైపులతో నిలబడి ఉండే నల్లటి డబ్బా ఈ రకందే. ఆయిలులో కొంత భాగమే దాని గుండా పోయేది. మా నాన్నగారి జీపులో ఆ డబ్బాను విప్పి కిరసనాయిలుతో కడగడం చిన్నప్పుడు నా పనే.

బిగించేటప్పుడు రెండు విషయాల్లో మొండిగా నిలబడవలసి వచ్చింది. ఆయిలు ప్రెషర్ స్విచ్చి దగ్గర టీ ఆకారపు జాయింటు పెట్టి లైను తీసుకున్నాం. ఫిల్టర్‌కు పోయే ఆయిలును అదుపు చేసే సన్నరంధ్రపు నిపుల్ అనవసరం, తీసేస్తే ఆయిలు ఇంకా బాగా పారుతుందని మెకానిక్ వాదించాడు. అలా తీసేస్తే వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ పడిపోతుంది, బేరింగులకు అందవలసిన ఆయిలు ఫిల్టర్‌కు పోతుంది. నిపుల్ ఉంచమన్నాను; పెట్టకముందు, పెట్టిన తరువాత ఐడిలింగ్ ప్రెషర్‌ను గేజి మీద చూసి కాగితం మీద రాయించాను. తిరుగు పైపును ఆయిలు పోసే మూత వైపు ఇచ్చాం. చాంబర్‌కు రంధ్రం వేస్తానన్నా ఒప్పుకోలేదు. ఇనుప రజను లోపల పడితే ఈ ఫిల్టర్ పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ఫలితం విషయానికి వస్తే, ఆయిలు తేనె రంగులోనే ఉంటుందని అమ్మినవారు చెప్పిన మాట నిజం కాలేదు. కొత్త ఆయిలు వారం తిరగకముందే నల్లబడింది, ఇప్పటికీ అంతే. డీజిల్ మసిలో ఒక్కో రేణువు మైక్రాన్‌లో చిన్న పాలు. అవి గుంపు కట్టి పెద్దవైనప్పుడే ఎలిమెంట్‌కు చిక్కుతాయి. మసిని విడివిడిగా తేల్చి ఉంచడానికే ఆయిలులో మందులు కలుపుతారు కాబట్టి, డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) మీది నలుపును చూసి మంచిచెడ్డలు నిర్ణయించడం కుదరదు.

అందుకే ఆయిలు నమూనాను ల్యాబ్‌లో పరీక్ష చేయించడం. మొదటి ఏడాది నివేదికల్లో అరుగుదలను సూచించే ఇనుము అంకె మునుపటికంటే బాగా తగ్గడం చూసి సంబరపడ్డాను. తరువాత కొంత చదివాక ఆ సంబరం సగానికి తగ్గింది. ల్యాబ్ యంత్రం లెక్కపెట్టేది కొద్ది మైక్రాన్ల లోపు లోహపు రేణువులనే; వాటిలో కొన్నిటిని బైపాస్ ఫిల్టర్ ముందే తీసేస్తుంది. అంటే అంకె తగ్గడానికి అరుగుదల తగ్గడం ఒక కారణమైతే, సాక్ష్యం ఎలిమెంట్‌లో ఇరుక్కుపోవడం రెండో కారణం. ఇది పెట్టించినవారు పాత నివేదికలతో పోల్చడం మానేసి, పెట్టిన తరువాతి నివేదికలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి. తీసేసిన ఎలిమెంట్‌ను కోసి, తెల్లగుడ్డ మీద పరిచి, అయస్కాంతం తిప్పి చూసే అలవాటు నాకు అప్పటి నుంచే వచ్చింది.

సన్నగా వడకట్టడం వల్ల లాభమే లేదనుకోకూడదు. 1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు ప్రచురించిన పరీక్షల్లో 40 మైక్రాన్ల ఫిల్టర్‌కు బదులు 30 మైక్రాన్లది వాడితే ఇంజన్ అరుగుదల సగానికి, 15 మైక్రాన్లది వాడితే 70 శాతం దాకా తగ్గింది. అయితే అది ఆయిలులో కావాలని దుమ్ము కలిపి చేసిన పరీక్ష. ఎయిర్ ఫిల్టర్ సరిగా ఉన్న బండిలో తేడా అంత ఉండదు.

ఇక చేదు అనుభవాలు రెండు. 2020 వర్షాకాలంలో ఒంగోలు దాటాక ప్రెషర్ లైటు వెలగగానే డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. తిరుగు పైపు చాసిస్ బ్రాకెట్‌కు రాసుకొని, రాసుకొని చిల్లు పడింది. ఆరు లీటర్లకు పైగా ఆయిలు రోడ్డు పాలైంది. ఇంకో పది నిమిషాలు అలాగే నడిపి ఉంటే ఇంజన్ పట్టేసేది. తప్పు ఫిల్టర్‌ది కాదు, పైపుకు క్లిప్పులు వేయకుండా వదిలేసిన బిగింపుది, నేనూ సరిచూసుకోలేదు. ఇప్పుడు వేసినవి ఉక్కు తీగ అల్లిన హైడ్రాలిక్ పైపులు, పైన రబ్బరు తొడుగు, జానెడు దూరానికొక క్లిప్పు. ఏడాదిన్నరకు ఒకసారి, బాగానే కనిపిస్తున్నా, మార్చేస్తాను.

రెండోది మరింత నేర్పింది. 2022లో కొన్ని నెలలపాటు డిప్‌స్టిక్ మీద మట్టం అసలు తగ్గలేదు. ఇంజన్ ఆయిలు తాగడం మానేసిందని, ఇదంతా ఫిల్టర్ మహిమేనని అనుకున్నాను. ల్యాబ్ నివేదికలో 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 11 సెంటీస్టోక్స్‌కు (ఇది చిక్కదనపు కొలత) దిగింది. 15డబ్ల్యూ-40 రకం ఆయిలు చిక్కదనం 12.5కు తగ్గకూడదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి కారుతూ డీజిల్ ఆయిలులో కలుస్తోంది, ఆయిలు ఖర్చైనంత మేర డీజిల్ చేరుతోంది, అందుకే మట్టం నిలిచింది. ఎంత సన్నని ఫిల్టరైనా ఆయిలు నుంచి డీజిల్‌ను వేరు చేయలేదు, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కలిస్తే ఆపలేదు, ఆమ్లాలను విరిచే మందు అయిపోతే తిరిగి పుట్టించలేదు. ఆయిలు మార్చనవసరమే లేదని చెప్పేవారిని ఈ ఒక్క కారణం చేత నమ్మకూడదు.

నిర్వహణలో పెద్ద కష్టం లేదు, కానీ క్రమం తప్పకూడదు. వారానికోసారి, బండి అరగంట నడిచి ఆగాక, డబ్బా మీద వేలితో జాగ్రత్తగా తాకి చూస్తాను. వేడిగా ఉంటే ఆయిలు పారుతున్నట్టు. ఇంజన్ కాలిపోతున్నా డబ్బా చల్లగా ఉందంటే ఎలిమెంట్ నిండిందో, నిపుల్ రంధ్రంలో చెత్త అడ్డుపడిందో అనుకోవాలి. ఎలిమెంట్‌ను 18,000 కిలోమీటర్లకు మారుస్తాను. ఓ-రింగుకు ఆయిలు రాసి, పాతది తిరిగి వేయకుండా, నడిమి బోల్టు కింద రాగి వాషరు కొత్తది వేసి బిగిస్తాను. డబ్బాలో రెండు లీటర్ల దాకా పడుతుంది. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, కాసేపు ఆగాక మట్టం చూసి ఆ మేర పోయాలి. ఈ దశను మరిచిపోయిన క్లీనర్ ఒకసారి బండిని రెండు లీటర్ల తక్కువతోనే పంపేశాడు. అలా మధ్యలో పోసే రెండు లీటర్ల కొత్త ఆయిలులో కొత్త మందు కూడా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. ఆయిలు ఆయువు పెరిగిందని చెప్పుకునే గొప్పలో కొంత వాటా దానిది.

డబ్బు లెక్క చూద్దాం. మునుపు 18,000కు ఆయిలు మార్చేవాణ్ణి, ఇప్పుడు 36,000కు. లీటరు 280 రూపాయల చొప్పున, మామూలు ఫిల్టర్ 600 కలిపి, పాత పద్ధతిలో 36,000 కిలోమీటర్లకు రెండు మార్పిడులకు 10,160 అయ్యేది. ఇప్పుడు ఒక మార్పిడికి 5,080, రెండు ఎలిమెంట్లకు 2,200, వాటి డబ్బాలో పట్టే నాలుగు లీటర్లకు 1,120, ఒక ల్యాబ్ పరీక్షకు 1,400, వెరసి 9,800. మిగిలింది 360 రూపాయలు. కిట్టుకూ బిగింపుకూ కలిపి నేను పెట్టిన 14,500 ఈ నాలుగు లక్షల కిలోమీటర్లలో ఆ దారిన తిరిగి రాలేదు, రాదు కూడా.

ఇంజనులో ఏం మిగిలిందంటే, 2024లో హెడ్ గాస్కెట్ పోయి 5 లక్షల 90 వేల దగ్గర ఇంజన్ విప్పినప్పుడు బోర్లలో కొత్తలో వేసే సన్నని హోనింగ్ గీతలు చాలా చోట్ల ఇంకా కనిపించాయి. చాంబర్ అడుగున జిడ్డు మడ్డి దాదాపు లేదు. మెయిన్ బేరింగుల్లో పైపొర అరిగి కింది రాగి బయటపడలేదు. రెండో లారీ 5 లక్షల 40 వేలకే బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్ల నుంచి గ్యాసు కిందికి తన్నడం) పెరిగి కొత్త బోరు వేయించాల్సిన స్థితికి వచ్చింది. ఈ తేడా అంతా ఫిల్టర్ ఖాతాలో వేయలేను. ఆ బండి డ్రైవర్లు తరచూ మారారు, దాని ఎయిర్ ఫిల్టర్ పైపుకు ఒక పగులు ఎంతకాలం ఉందో ఎవరికీ తెలియదు.

కొనదలచినవారు ముందుగా తమ ఇంజనుకు ఇప్పటికే ఇలాంటి ఏర్పాటు ఉందేమో చూసుకోవాలి. కొన్ని పెద్ద ఇంజన్లకు కంపెనీవారే వేగంగా తిరుగుతూ మసిని గోడకు విసిరే సెంట్రిఫ్యూజ్‌ను పెడతారు. కొన్ని డబ్బాల్లో రెండు రకాల వడపోతా కలిసే ఉంటుంది. వారంటీలో ఉన్న బండి జోలికి పోవద్దు. ఏడాదికి పది, పదిహేను వేలు మించి తిరగని కారుకు ఇది దండగ. ఆయిలు వేళకు మారిస్తే చాలు. సొంతంగా బండి చూసుకుంటూ, ఏడాదికి 50 వేలకు పైగా తిప్పే యజమానికి మాత్రం పెట్టుకోమనే చెబుతాను.

రెండో లారీకి కొత్త బోరు వేయించాక అందరూ ఫిల్టర్ పెట్టిస్తాననుకున్నారు. ఆ డబ్బులో కొంతతో ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని పైపులు, క్లాంపులు అన్నీ కొత్తవి వేయించి, డ్రైవరు ఎదురుగా ముల్లు కనిపించే ఆయిలు ప్రెషర్ మీటరు పెట్టించాను.