కోల్డ్ స్టోరేజీలో పవర్ క్వాలిటీ రికార్డర్: కొన్ని మిర్చి సీజన్లు వాడాక

హార్మోనిక్స్, పవర్ ఫ్యాక్టర్, యూనిట్ల సంగతి రాయను. ఈ ధరలో అవన్నీ ఏ మీటరైనా చూపిస్తుంది. కరెంటు నాణ్యతను కొలిచి దాచే ఈ రికార్డర్‌ని నేను నెత్తిన పెట్టుకునేది ఒక్క పనికే: వోల్టేజీ రెప్పపాటు కుంగినా పట్టేస్తుంది.

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తాను. రాత్రిళ్ళు అమ్మోనియా కంప్రెసర్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఆపరేటర్ లాగ్‌బుక్‌లో 'కరెంటు పోయింది' అని రాసేవాడు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే "మీ ఫీడర్ అసలు ట్రిప్పే కాలేదండీ" అనేవాళ్ళు. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి మాకొచ్చే లైను. బిల్లింగ్ మీటర్లో ఉండేది పావుగంట సగటులే, అందులో ఏం కనపడుతుంది? ఓనర్ గారి అనుమానమంతా ఆపరేటర్ నిద్ర మీదే.

రికార్డర్ ప్రతి అర సైకిల్‌కీ, అంటే 10 మిల్లీసెకన్లకోసారి, కొలుస్తుంది. బిగించాక వచ్చిన మొదటి ట్రిప్ ఫైల్ తెరిస్తే ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో వై, బి మామూలు వోల్టేజీలో 60 శాతం లోపు పడి, 90 మిల్లీసెకన్లలో లేచాయి. ఆర్ ఫేజు కదల్లేదు. మోటారు స్టార్టింగ్ అయితే మూడు ఫేజులూ సమంగా కుంగి మెల్లగా కోలుకుంటాయి. ఇది అది కాదు. హెచ్‌టీ (హై టెన్షన్) లైన్లో ఒక ఫేజు ఎర్త్ అయితే, అంటే నేలకు కలిస్తే, డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ (పై వైండింగ్ త్రికోణంగా, కిందిది నక్షత్రంలా కలిపినది) కింద ఇలాగే కనిపిస్తుంది. సబ్‌స్టేషన్‌లో అడిగితే, ఆ రాత్రి పక్క ఫీడర్ ట్రిప్ అయిందన్నారు. మా ఫీడర్ నిలబడింది కానీ కాంటాక్టర్లను (మోటార్లకు కరెంటు కలిపే స్విచ్‌లను) పట్టి ఉంచే కంట్రోల్ సప్లై వై ఫేజు నుంచి ఉండటంతో అవి వదిలేశాయి. పాపం ఆపరేటర్! కంట్రోల్ సర్క్యూట్‌కి చిన్న ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టాక ఈ ట్రిప్పుల టెన్షన్ దాదాపు పోయింది.

దీనికి వంక పెట్టక్కర్లేదని అప్పట్లో తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నా. గడియారం వెనకబడుతుంది, సబ్‌స్టేషన్ టైముతో కలవకపోతే వాళ్ళతో మాట్లాడటమే కష్టం. లోపలి బ్యాటరీ ముసలిదై, పెద్ద కట్ వస్తే రికార్డరే ముందు పడుకుంటోంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ ఎలాగూ 90 శాతం దగ్గరే ఊగుతుంది కాబట్టి ఈవెంటుగా రాసుకునే లిమిట్ 85కి దించకపోతే చిల్లర ఈవెంట్లతో మెమరీ నిండి పాతవి చెరిగిపోతాయి.

లోపల ఉన్నది రైతుల సరుకు కాబట్టి మాకు గిట్టింది. చిన్న మిల్లుకైతే కొనకుండా, పోర్టబుల్ అనలైజర్ అద్దెకు తెచ్చి వారం పెట్టి చూడటం మేలేమో.